బొజ్జ ట్యాంకులో తోట, నీళ్లు మోసిన చేతులు

మన కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఎండాకాలం సెలవులు రాగానే ఒకే రకం సందేశాలు మొదలవుతాయి, మీరూ చూసే ఉంటారు. "ఆన్‌సైట్ వెళ్తున్నాం. సోఫా, వాషింగ్ మెషీన్, పిల్లల సైకిలు ఇచ్చేస్తున్నాం." ఆ జాబితాలో అట్టడుగున చాలాసార్లు ఒక అక్వేరియం ఉంటుంది. సోఫాకి బేరాలాడతారు. అక్వేరియాన్ని మాత్రం ఎవరైనా ఊరికే పట్టుకెళ్తే చాలంటారు.

మా ఇంటికొచ్చిన ట్యాంకు కూడా అలాంటిదే. మామూలు డబ్బాలా కాకుండా ముందు అద్దం వంపు తిరిగి ఉంటుంది. పొడవు 75 సెంటీమీటర్లు, ఎత్తు 45. పక్కల దగ్గర వెడల్పు 30, మధ్యలో మాత్రం 38. మా చిన్నది చూడగానే "బొజ్జ ట్యాంకు" అని పేరు పెట్టేసింది. మా వారు లైట్లు, ఫిల్టర్ల గురించి యూట్యూబ్ చూడటం మొదలుపెట్టారు. మా అత్తగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని ఒక్క మాటే అడిగారు: "బానే ఉంది గానీ, దీనికి రోజూ చాకిరీ ఎవరు చేస్తారమ్మా?"

ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే, అక్వేరియం చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోందని అర్థమైంది. ఎవరు కనిపెట్టారన్నది పుస్తకాలు చెప్తాయి. ఎవరు నీళ్లు మోశారన్నది మనం వెతుక్కోవాలి.

ఈ చరిత్రని చాలామంది లండన్ పెద్దమనుషులతో మొదలుపెడతారు. నేను ఒక కుట్టుపని అమ్మాయితో మొదలుపెడతాను. ఝాన్ విల్‌ప్రో 1794లో ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూళ్లో పుట్టింది. పద్దెనిమిదేళ్లప్పుడు పొట్ట చేతపట్టుకుని పారిస్‌కి బయల్దేరింది. ఆ నాలుగొందల కిలోమీటర్లూ నడిచే వెళ్లిందంటారు. అక్కడ బట్టలు కుట్టే చోట పనికి కుదిరింది. 1816లో ఒక రాకుమారి పెళ్లి గౌనుకి ఎంబ్రాయిడరీ చేసి పేరు తెచ్చుకుంది. రెండేళ్లకి జేమ్స్ పవర్ అనే వ్యాపారిని పెళ్లాడి సిసిలీ దీవిలోని మెస్సీనా ఊరికి కాపురానికెళ్లింది. కొత్త ఊరు, ఎదురుగా సముద్రం. మనలో ఎంతమంది పెళ్లయ్యాక తెలియని ఊళ్లో అడుగుపెట్టి ఏదో ఒక పని నేర్చుకోలేదు? ఆవిడ సముద్రజీవుల్ని నేర్చుకుంది.

ఆ రోజుల్లో పండితుల మధ్య ఒక తగువుండేది. ఆక్టోపస్ జాతికి చెందిన ఆర్గోనాట్ అనే జీవి కాగితమంత పల్చటి గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల అది సొంతంగా కట్టుకున్నదా, ఇంకో ప్రాణి దగ్గర దొంగిలించినదా? చచ్చి ఒడ్డుకొచ్చినవాటిని చూస్తే తేలే సంగతి కాదది. బతికున్నవాటినే కళ్లెదురుగా పెంచాలి. అందుకోసం ఝాన్ 1832లో గాజు తొట్లు చేయించింది. సముద్రంలో దించే బోన్లూ చేయించింది. గుల్లకి చిన్న ముక్క విరగ్గొట్టి, ఆ జీవే దాన్ని మళ్లీ అతుక్కోవడం చూసింది. తగువు తీరిపోయింది. చిరిగినచోట అతుకు వేయడమంటే ఏమిటో కుట్టుపని తెలిసినావిడకి కాక ఇంకెవరికి తెలుస్తుంది అనిపించింది నాకు. 1838లో ఆవిడ సేకరించిన వస్తువులూ, కాగితాలూ ఎక్కించిన ఓడ మునిగిపోయింది. చాలా కాలం ఆవిడ పేరు మరుగునపడటానికి అదొక కారణం.

రెండో ఆవిడ అన్నా థిన్. లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పెద్ద హోదాలో ఉన్న మతాధికారి భార్య. 1846లో టార్కీ అనే సముద్రతీరానికి వెళ్లినప్పుడు రాళ్లకంటుకుని బతికే చిన్న చిన్న పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడింది. వాటిని లండన్ తీసుకెళ్లాలి. దారిలో దొర్లి దెబ్బతినకుండా ఏం చేసిందో తెలుసా? సూదీ, రెండు పేటల దారం తీసుకుని వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసింది! జాడీలో సముద్రపు నీళ్లు పోసి అందులో ఉంచింది.

లండన్‌లో సముద్రం ఎక్కడిది? తెచ్చుకున్న నీళ్లు అయిపోవస్తున్నాయి. ఉన్నవాటినే మళ్లీ మళ్లీ వాడాలంటే అందులోకి గాలి ఎక్కించాలి. అప్పటికి ఎయిర్ పంపులు లేవు. ఆ ఇంటి పనిమనిషి తెరిచిన కిటికీ ముందు నిలబడి, ఆ నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పైనుంచి ధార కట్టేది. మనం వేడి పాలు తిరగబోస్తామే, అలాగ. రోజూ అరగంట, ముప్పావుగంట. మరుసటి ఏడాది అన్నా థిన్ సముద్రపు నాచు పట్టిన రాళ్లు తెప్పించి అందులో వేసింది. మొక్కలు ఆక్సిజన్ అందిస్తుంటే ఆ జీవులు ఏళ్లపాటు బతికాయి. నిలకడగా నడిచిన మొదటి సముద్రపు అక్వేరియం అదేనని ఇవాళ చాలామంది ఒప్పుకుంటారు. పగడపు జీవుల మీద 1859లో ఆవిడ పేరుతోనే వ్యాసం కూడా అచ్చయింది. ఆ పనిమనిషి మాత్రం చరిత్ర పుస్తకాల్లో "పనిమనిషి"గానే మిగిలిపోయింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఆ మలుపు. ఒక మనిషి చేతుల్లో ఉన్న చాకిరీ మొక్కల మీదికి మారిన క్షణం అది. మా అత్తగారి ప్రశ్నకి మొదటి జవాబు నాకు అక్కడే దొరికింది.

ఆ తర్వాత 1849లో లండన్‌లోనే రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త అదే సంగతి మంచినీళ్లలో, లెక్క ప్రకారం చేసి చూశాడు. దాదాపు 55 లీటర్ల నీళ్లు, రెండు గోల్డ్‌ఫిష్‌లు, వల్లిస్నేరియా అనే నీటి మొక్క. చేప వదిలే గాలీ, వ్యర్థమూ మొక్కకి ఆహారం. మొక్క వదిలే ఆక్సిజన్ చేపకి ఊపిరి. బాగానే సాగింది కానీ, ముదిరిన ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోవడం మొదలైంది. అప్పుడు నీటి నత్తల్ని వేశాడు. కుళ్లిన ఆకుల్ని అవి తినేశాయి. అంటే ఆ ఇంట్లో వండేవాళ్లూ, తినేవాళ్లూ మొదట్నుంచీ ఉన్నారు. అంట్లు తోమేవాళ్లు వచ్చాకే సంసారం కుదుటపడింది.

1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు చవకైంది. 1853లో లండన్ జూలో చేపలశాల తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో "అక్వేరియం" అన్న మాట ఇంటింటి మాటైపోయింది. జనం సముద్రతీరాల మీద పడి దొరికిన జీవినల్లా ఏరుకుపోయారు. తీరాలు ఎలా బోసిపోయాయో గాస్ కొడుకే తర్వాత 1907లో తన పుస్తకంలో బాధగా రాశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మన చెరువుల దగ్గరికి వచ్చినప్పుడు దీనితో పని ఉంది.

ఇప్పుడు ఆ వల్లిస్నేరియా సంగతి. పొడవాటి రిబ్బన్లలాంటి ఆకులు. మగపూలు నీటి అడుగున తెగిపోయి పైకి తేలి, ఆడపూల దగ్గరికి కొట్టుకుపోతాయి. ఆ పని అయ్యాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయని నీళ్లలోకి లాక్కుంటుంది. ప్యాకెట్‌లో వచ్చిన ఈ మొక్కని బకెట్‌లో కడుగుతుంటే మా ఇంట్లో పనిచేసే ఆమె వచ్చి చూసింది. ఆమెది వికారాబాద్ దగ్గర పల్లె.

"గిదేందమ్మా, మా చెరువుల ఉండే నాచు గిట్ల తెప్పిచ్చిన్రు? దీనికి పైసలు గూడ ఇచ్చిన్రా?"

ఇచ్చామని చెప్పడానికి నాకు కాసేపు నోరు రాలేదు. ఆమె చెప్పింది నిజమే. వల్లిస్నేరియాలు మన దేశపు చెరువుల్లో, కాలవల్లో వాటంతటవే పెరిగే మొక్కలు. ఒక్క అదే కాదు. అక్వేరియం మొక్కల కథలో మన తెలుగు నేలకి పెద్ద వాటానే ఉంది. తూర్పు గోదావరి వైపు సామర్లకోట తెలుసు కదా? విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు 1780ల్లో అక్కడ ఉండి, ఈస్టిండియా కంపెనీ కోసం తోట పెంచుతూ మన చుట్టూ ఉన్న మొక్కలన్నిటికీ బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల్లో మూడొందల దాకా కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో అచ్చయ్యాయి. ఇవాళ అక్వేరియం వాళ్లు ఎంతో ఇష్టపడే బ్లిక్సా జాతిలో ఒక మొక్కకి శాస్త్రీయ నామం ఆయన పెట్టిన పేరు నుంచే వచ్చింది. దుంపతో పెరిగి అలలు తిరిగిన ఆకులు వేసే ఆపోనోజెటన్‌నీ ఆయన వర్ణించాడు. ఇప్పుడు దాని దుంపల్ని ఆన్‌లైన్‌లో అలంకారానికి అమ్ముతున్నారు. మన పల్లెల్లో వాటిని ఉడకబెట్టుకుని తినేవారు.

రాక్స్‌బరో పేరు అందరికీ తెలుసు. ఆ బొమ్మలు వేసింది మాత్రం మన దేశపు చిత్రకారులు. ప్రతి ఆకు మీద ఈనె ఈనె గీసిన వాళ్ల పేర్లు ఆ పుటల కింద వెతికితే మనకి దక్కవు. కిటికీ దగ్గర నీళ్లు తిరగబోసిన ఆ పనిమనిషికి వీళ్లు బంధువులే అనిపించింది నాకు. ఈ వ్యాసంలో మా ఆమె పేరైనా రాద్దామని అడిగాను. "వద్దమ్మా, నా పేరెందుకు, నాచు సంగతి రాయిన్రి" అంది. అందుకే రాయలేదు.

మళ్లీ చరిత్రలోకి వద్దాం. మొక్కలు చాకిరీ తగ్గించే పనివాళ్లుగా ట్యాంకులోకొచ్చాయి కదా, అవే అలంకారంగా మారడానికి ఇంకొంత కాలం పట్టింది. 1930ల్లో నెదర్లాండ్స్‌లో నీటితోటలు ఒక కళగా స్థిరపడ్డాయి. డచ్ పద్ధతిలో రాళ్లూ, కొమ్మలూ దాదాపు ఉండవు. మొక్కలే వరసలుగా, మెట్లుమెట్లుగా. ముందు పొట్టివి, వెనక పొడుగువి, పక్కపక్కన వేరే రంగులు. మన బొమ్మల కొలువు పెట్టిన చేతికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు నుంచి వెనక్కి ఏటవాలుగా సన్నబడుతూ పోయే మొక్కల వరసని వాళ్లు "వీధి" అంటారు. ఆ వీధి వల్ల ట్యాంకు ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తుంది. చూడటానికి కన్నులపండువే, కానీ వారం వారం కత్తెర పట్టుకోవాలి. మొక్క ఒక్క వేలెడు ఎక్కువ పెరిగినా కొలువు చెదిరిపోతుంది. అంటే చాకిరీ మళ్లీ మనిషి చేతికే వచ్చింది.

జపాన్‌లో తకాషి అమానో (1954–2015) ఇంకో దారి పట్టాడు. మొదట సైకిల్ పందేల్లో పోటీదారు, తర్వాత అడవుల ఫొటోగ్రాఫర్. 1982లో తన కంపెనీ పెట్టాడు. వరసలు వద్దు, అడవిలో ఒక మూలని తెచ్చి అద్దంలో పెట్టినట్టుండాలి అన్నాడు. మూడో ఐదో బేసి సంఖ్యలో రాళ్లు, ఒకటి పెద్దది, మిగతావి దానికి తలొగ్గినట్టుగా. పాచి తినడానికి చిన్న రొయ్యల్ని పనిలో పెట్టాడు. వారింగ్టన్ నత్తలు చేసిన పనే అది. 2015లో లిస్బన్ నగరంలో 40 మీటర్ల పొడవు, లక్షా అరవై వేల లీటర్ల నీటితోట అమర్చాడు. అదే ఆయన ఆఖరి పెద్ద పని.

ఈ రెండు పద్ధతులూ పుట్టింది తిన్నని అద్దాల ట్యాంకుల్లో. మన బొజ్జ ట్యాంకుకి వాటిని ఉన్నవున్నట్టు దించితే కుదరదు. ఎందుకో చెప్తాను, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

నీళ్లలో ఉన్న వస్తువు మనకి ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. తిన్నని అద్దంలోంచి చూస్తే 40 సెంటీమీటర్ల లోతు 30లాగే అనిపిస్తుంది. అందుకే అందరూ మట్టిని వెనక్కి ఎత్తుగా వాలు కట్టి, పోయిన లోతుని కంటికి తిరిగి ఇస్తారు. అద్దం వంపు తిరిగి ఉంటే దీనికి ఇంకొకటి తోడవుతుంది. నీళ్లతో నిండిన ఆ బొజ్జ భూతద్దంలా పనిచేస్తుంది. అయితే వంపు అడ్డంగానే ఉంది కాబట్టి వస్తువులు పైకి కాదు, అడ్డంగా సాగుతాయి. నిలువుగా నిలబడ్డ మొక్క మధ్యలో ఉన్నంతసేపు నిటారుగానే ఉంటుంది. చేప అడ్డంగా ఈదిందా, రెండు నెలల పాప అయిదేళ్ల పిల్లైనట్టు పొడుగైపోతుంది. అంచుల దగ్గరికొచ్చేసరికి, పక్కనుంచి చూసేవాళ్లకి అదే చేప ముందు అద్దంలో ఒకసారి, పక్క అద్దంలో ఒకసారి రెండుగా కనిపిస్తుంది. అడ్డంగా పడుకోబెట్టిన కొమ్మ వంగినట్టుంటుంది.

కనుక అబద్ధం చెప్పే చోటు అంచులు, నిజంగా జాగా ఉన్న చోటు మధ్య. దీన్నిబట్టి నాకు తోచిన అమరిక ఇది: రెండు పక్కలా గుట్టలు, మధ్యలో లోయ. అంచుల్ని దట్టమైన మొక్కలతో కప్పేస్తే అక్కడి వంకరలు కంటికి ఆనవు. ముందుకొచ్చిన ఆ 8 సెంటీమీటర్ల బొజ్జని మొక్కలతో నింపకుండా ఇసుకతో ఖాళీగా వదిలితే, ముగ్గు వేయడానికి కడిగిన వాకిలిలా ఉంటుంది. ఆ వాకిట్లోంచి ఒక సన్నటి ఇసుక బాట వెనక్కి పోతుంది. బాట ముందు జానెడు వెడల్పుంటే వెనక రెండు వేళ్లకి సన్నబడాలి. అదీ నడిమధ్యకి కాదు, ఒక పక్కకి ఒరిగి పోవాలి. డచ్ వాళ్ల వీధే ఇది, మొక్కల బదులు ఇసుకతో. ముందు ఇసుక రెండు మూడు సెంటీమీటర్లు చాలు. వెనక గుట్టల దగ్గర ఎనిమిదో తొమ్మిదో కావాలి.

మా హాల్లో ఇంకో చిక్కుంది. సోఫాలో కూర్చున్నవాళ్లు ఎదురుగా చూస్తారు, డైనింగ్ టేబుల్ దగ్గర వాళ్లు ఎడమ పక్కనుంచి చూస్తారు. అందుకని పెద్ద గుట్టని కుడివైపు పెట్టాను. టేబుల్ దగ్గర్నుంచి చూస్తే చిన్న గుట్ట మీదుగా లోయ, దాని అవతల పెద్ద గుట్ట. తిన్నని ట్యాంకులో ఇంత దూరం దొరకదు.

రాళ్ల కోసం ఎక్కడికీ పోలేదు. మన హైదరాబాద్ రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఖాజాగూడ గుట్టల మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండలు ఎవరూ పేర్చినవి కావు. మట్టీ, మెత్తబడ్డ రాయీ కొట్టుకుపోగా మిగిలిన గట్టి గుండెలు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్ చుట్టూ ఇలాంటి గుట్టలే. ఇవాళ మన ఫ్లాట్లలో చాలావాటి పునాదులు వాటిని పేల్చిన చోటే ఉన్నాయి. మా గేటు ఎదురుగా కడుతున్న టవరు దగ్గర వాచ్‌మన్‌ని అడిగి గుప్పెడంత నుంచి తలకాయంత దాకా ఏడు రాళ్లు తెచ్చుకున్నాను. పేల్చిన బండ పదునుగా ఉంటుంది, అంచుల్ని ఇంకో రాయితో రుద్ది మొద్దు చేయాలి.

ఏ రాయైనా ట్యాంకులో పెట్టేముందు నిమ్మకాయ పిండి చూడండి. గ్రానైట్ మీద ఏమీ జరగదు. షాబాద్ బండ, తాండూరు బండ ముక్కలైతే నురగ వస్తుంది, ఎందుకంటే అవి సున్నపురాయి. అవి నీళ్లలో కరుగుతూ కాఠిన్యం పెంచుతాయి. మన బోరు నీళ్లకి ఆ గుణం ఇప్పటికే దండిగా ఉంది. రాళ్లని ఇసుక మీద పేర్చకండి. చేపలు తవ్వితే జారిపోతాయి. అడుగు అద్దం మీద పల్చటి ఫోమ్ పరిచి, ముందు రాళ్లు కుదిర్చి, తర్వాత మట్టీ ఇసుకా పోయాలి.

బరువు సంగతి కూడా చెప్పాలి. లెక్కేస్తే, 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా నింపితే ఈ ట్యాంకులో సుమారు 106 లీటర్లు పడతాయి. రాళ్లూ మట్టీ అద్దమూ కలిపితే 150 కిలోలు దాటుతుంది. టీవీ యూనిట్ మీద పెట్టి బొజ్జ బయటికి వేలాడేలా వదిలేస్తుంటారు కొందరు. ఆ వంపు కింద కూడా ఆనిక ఉండాల్సిందే.

మొక్కల్లో వెనక వల్లిస్నేరియా. అది మా ఆమె చెరువు మొక్కే కాబట్టి మన గట్టి నీళ్లంటే దానికి భయం లేదు. గుట్టల నడుమ శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకోరైన్. తెచ్చి నాటగానే ఆకులన్నీ కరిగిపోయినట్టవుతాయి. పీకి పారేయకండి, వేరు బతికే ఉంటుంది, మూడు నాలుగు వారాల్లో కొత్త చిగురు వేస్తుంది. కొత్త కోడలిలాగే దానికీ ఇల్లు మారిన దిగులు. లోయ మలుపులో ఒకే ఒక్క ఆపోనోజెటన్ దుంప. రాళ్ల మీద అనూబియాస్‌ని మామూలు నూలు దారంతో కట్టాను. వేళ్లు రాయిని పట్టుకునేసరికి దారం దానంతటదే చివికిపోతుంది. దారం ముడి వేస్తుంటే అన్నా థిన్ గుర్తొచ్చింది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు పెట్టలేదు. ఆ వాయువు పంపితే మొక్కలు ఇడ్లీ పిండిలా పొంగుతాయి నిజమే, కానీ వాటి వెనకే కత్తెర పట్టుకుని నిలబడాలి. నాకు నిదానంగా పెరిగే తోటే కావాలి. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. చేపలు పది జీబ్రాలు మాత్రమే. మన దేశపు ఏరుల్లో పుట్టిన చేపలే అవి. గోల్డ్‌ఫిష్ కావాలని మా చిన్నది ఏడ్చింది. ఇసుక తవ్వి తోటంతా పీకేస్తుందని నచ్చజెప్పాను.

వంపు అద్దం మీద పాచి గీకడానికి తిన్నని బ్లేడు ఆనదు. గడువు తీరిన ఏటీఎం కార్డు వంగి అద్దానికి అతుక్కుని శుభ్రంగా గీకుతుంది. మీది అక్రిలిక్ అయితే కార్డు కూడా వద్దు, మెత్తటి గుడ్డే వాడండి.

ఇక నీళ్లు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచాకే కదా, ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. తర్వాత మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాయి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకి నీళ్లిచ్చిన దుర్గం చెరువు మన ఐటీ టవర్ల మధ్యనే ఉంది, కానీ దాని నీళ్లు ఇప్పుడు ఎవరూ తాగరు. ఏప్రిల్ వస్తే మన అపార్ట్‌మెంట్లకి ట్యాంకర్లే దిక్కు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బకెట్‌లో ఒక రోజంతా ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. ట్యాంకర్ నీళ్లు ఏ బోరువో తెలియదు.

ఇలాంటి ఊళ్లో వారానికి సగం ట్యాంకు నీళ్లు మార్చమని చెప్పే పద్ధతి నాకు సరిపడదు. బకెట్లు మోసేది ఎవరో మనకి తెలుసు: నేను, లేదా ఆమె. అందుకే చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ. పదిహేను రోజులకి పదిహేను లీటర్లు మాత్రమే మారుస్తాను, అదీ సైఫన్ పైపుతో నేరుగా బాల్కనీ కుండీల్లోకి. చేపల ఎరువు కలిసిన ఆ నీళ్లకి మా కరివేపాకు ఎలా ఉందో చూడాలి మీరు! ఆవిరైన మేరకు నింపేటప్పుడు బోరు నీళ్లు పోస్తే ఉప్పులు పేరుకుంటాయి, అందుకు ఫిల్టర్ నీళ్లు రెండు చెంబులు పోస్తాను. మేలో నీళ్లు మరీ వేడెక్కితే పైన చిన్న ఫ్యాను తిప్పుతాను. కుండలో నీళ్లు చల్లబడేది ఆవిరి వల్లే కదా.

గాస్ కాలంలో తీరాలు బోసిపోయాయని చెప్పాను. మన దగ్గర జరుగుతున్నది దానికి తిరగబడ్డ కథ. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. ఊదారంగు పూలకి ముచ్చటపడి పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తెచ్చుకున్నారు. ఇవాళ మన నగరంలో అది పట్టని చెరువు అరుదు. దాని కింద దోమలు, దాని పైన యంత్రాలు. పాచి తింటుందని కొనుక్కునే సక్కర్ క్యాట్‌ఫిష్ అరచేతి పొడవు దాటాక ట్యాంకులో పట్టదు. అప్పుడు జాలిపడి చెరువులో వదిలేస్తారు. కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో అది వలలు చింపి జాలర్లని ఏడిపిస్తోంది. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లతో తూర్పు కనుమల్లో దాని జాడ పట్టుకున్నారు. ఇక్కడి చెరువులో పుట్టిన మొక్కనైనా సరే, అంగట్లో కొన్నాక దానితోపాటు ఏ నత్త గుడ్డు వచ్చిందో, ఏ దేశపు తీగ వచ్చిందో మనం చెప్పలేం. దుర్గం చెరువుకి గానీ, మురుగుకాలవకి గానీ అవి చేరకూడదు.

కాబట్టి కత్తిరించిన ఆకుల్నీ పిలకల్నీ మేం పాత చీర ముక్క మీద పరిచి బాల్కనీ ఎండలో రెండు రోజులు ఉంచుతాం. పెళపెళలాడాక నలిపి కరివేపాకు కుండీలో వేస్తాం. బతికున్న పిలకలు నాలుగో అంతస్తు వాళ్లడిగితే డబ్బాలో పెట్టి ఇచ్చాను. మా ఆమెకీ ఇవ్వబోయాను. "మా ఊరి చెరువుల మస్తుగున్నది గదమ్మా" అని నవ్వి, చీపురు తీసుకుని వరండాలోకి వెళ్లింది.